చెరకు తోటల మీదుగా పోర్ట్ లూయిస్‌కి

మొన్న సంక్రాంతికి ఉయ్యూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. బస్సు దిగీ దిగగానే షుగర్ ఫ్యాక్టరీ వాసన గుప్పుమంది. కాస్త మాడిన బెల్లం, కాస్త పులిసిన బురద. ఆ వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పలేం. "క్రషింగ్ సీజన్ వచ్చిందంటే ఈ కంపుకి ఊరొదిలి పోవాలనిపిస్తుందన్నయ్యా" అంది మా చెల్లెలు. నాకు మాత్రం మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో మా ఆఫీసు ఫ్యాక్సు మిషన్ చప్పుడు వినిపించింది.

మారిషస్‌లో నేను చేసింది చక్కెర పని కాదు, ఫండ్ల పని. అంటే, మదుపరుల డబ్బు పోగేసి షేర్లలో పెట్టే సంస్థలకి లెక్కలు రాయడం. కానీ ఆ రోజుల్లో అక్కడ ఏ పనికి వెళ్లాలన్నా చెరకు మధ్య నుంచే వెళ్లాలి. పొద్దున్నే క్వాత్ర్ బోర్న్ నుంచి బస్సెక్కితే దారి పొడుగునా పచ్చటి చెరకు. జూన్, జూలైల్లో అక్కడ నరకడం మొదలయ్యేది, మనకి నాట్లు పడే వేళకి. లారీల వెనకాల బస్సు నెమ్మదిగా పోతుంటే కిటికీలోంచి అచ్చం ఉయ్యూరు వాసనే వచ్చేది. కళ్లు మూసుకుంటే పామర్రు రోడ్డు మీద ఉన్నట్టుండేది.

* * *

బెజవాడలో ఆర్టికల్‌షిప్ చేసి, సీఏ గట్టెక్కి, బొంబాయిలో ఒక కస్టోడియన్ (మదుపరుల షేర్లు భద్రపరిచే సంస్థ) ఆఫీసులో షేరు సర్టిఫికెట్లు లెక్కపెట్టుకుంటున్న రోజులవి. మారిషస్‌లో ఫండ్ అకౌంటెంట్లు కావాలని పేపర్లో ప్రకటన పడింది. వెళ్తానంటే మా అమ్మ, "సినిమా పాటలు తీస్తారే, అదా? అక్కడ లెక్కలు రాసే పనేముంటుందిరా?" అంది. ఆ ప్రశ్నకి అప్పటికి నా దగ్గరా జవాబు లేదు.

మొత్తం దేశం కలిపితే 2,040 చదరపు కిలోమీటర్లు. అప్పటి మా కృష్ణా జిల్లాలో నాలుగో వంతుకి కూడా చాలదు. జనం 11 లక్షల చిల్లర. 1961లో జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త వచ్చి చూసి, ఈ దీవి బాగుపడే దారి కనిపించడం లేదన్నట్టు నివేదిక రాసి వెళ్లాడట. చక్కెర ఒక్కటే పంట, జనాభా పెరిగిపోతోంది, తుఫాన్లు. ఆయనకి తర్వాత నోబెల్ కూడా వచ్చింది. మా ఆఫీసులో పాతవాళ్లు ఆ నివేదిక సంగతి మహా సరదాగా చెప్పుకునేవారు. చక్కెర తర్వాత బట్టల ఫ్యాక్టరీలొచ్చాయి, ఆ తర్వాత టూరిస్టులొచ్చారు. ఇంకా ఏదో ఒకటి కావాలని 80ల చివర్లో బ్యాంకుల వైపు తిరిగారు. 1989లో ఆఫ్‌షోర్ బ్యాంకింగ్, అంటే బయటి దేశాల వాళ్ల కోసం నడిపే బ్యాంకింగ్ మొదలైంది, అదే ఏడు జూలైలో ఐదంటే ఐదు కంపెనీలతో స్టాక్ ఎక్స్ఛేంజీ తెరిచారు. అప్పుడు ఆర్థిక మంత్రి విష్ణు లచ్మీనరాయుడు. పేరు వింటేనే మన మూలాలున్నవాడని తెలిసిపోతుంది.

1992లో మోబా వచ్చింది. ఆఫ్‌షోర్ వ్యాపారానికి లైసెన్సులిచ్చే సంస్థ. నేను దిగేటప్పటికి దాని వయసు మూణ్నాలుగేళ్లు. మా ఆఫీసులో అనుభవజ్ఞుడంటే రెండేళ్లు పనిచేసినవాడు. దేశంలో ఎవరికీ అంతకంటే ఎక్కువ అనుభవం లేదు మరి.

* * *

ఆఫీసు పోర్ట్ లూయిస్ బజారుకి దగ్గర్లో, ఒక పాత రాతి మేడలో రెండో అంతస్తు. మెట్ల దగ్గర గోడ మీద ఇత్తడి పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో కంపెనీ పేరు. చాలా పేర్లలో "ఇండియా" అనే మాట ఉండేది. వారానికోసారి బ్రాసోతో వాటిని తుడిచే పెద్దాయనే మా ఫైళ్లూ చూసుకునేవాడు. ఆఫీసంతా ఆయన్ని "తోంతోం" అని పిలిచేది. నేను బాబాయ్ అనేవాణ్ని. కొత్త పలక వచ్చిన రోజు ఆయన ముఖం వెలిగిపోయేది.

అసలు ఇండియాలో పెట్టే డబ్బు మారిషస్ మీదుగా ఎందుకు రావాలి? 1982 ఆగస్టులో రెండు దేశాల మధ్య పన్నుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో పదమూడో అధికరణంలో ఒక చిన్న పేరా ఉంది. మారిషస్ నివాసి మన కంపెనీ షేర్లు అమ్మి లాభం చేసుకుంటే, ఆ లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌దే. మారిషస్‌లో చూస్తే అలాంటి పన్నే లేదు. అప్పట్లో విదేశీ ఫండ్లకి మన మార్కెట్లోకి అడుగుపెట్టే దారి లేదు కాబట్టి ఆ పేరా పదేళ్లు ఎవరికీ పట్టలేదు. 1992 సెప్టెంబరులో మన ప్రభుత్వం విదేశీ సంస్థాగత మదుపరులకి తలుపు తీసింది. అదే ఏడు మారిషస్ ఆఫ్‌షోర్ చట్టం చేసింది. అంతే, పడుకున్న పేరా లేచి కూర్చుంది. మా జీతాలన్నీ దాని మీదే నడిచాయి.

అయితే మారిషస్ నివాసి అనిపించుకోవాలి కదా. కనీసం ఇద్దరు డైరెక్టర్లు స్థానికులై ఉండాలి. బ్యాంకు ఖాతా, పుస్తకాలు, ఆడిట్ అన్నీ అక్కడే ఉండాలి, బోర్డు మీటింగు అక్కడి నుంచే నడవాలి. ఇవన్నీ చూసి అక్కడి పన్నుల కమిషనరు ఒక పేజీ సర్టిఫికెట్ ఇచ్చేవారు, టీఆర్‌సీ అని, అంటే పన్ను నివాస ధ్రువపత్రం. దాన్ని ఫ్యాక్సులో పంపితే ఒప్పుకోక, అసలు కాగితమే కావాలని బొంబాయి వాళ్లు పట్టుబట్టేవారు. కొరియర్‌లో వెళ్లేదాకా అందరికీ టెన్షనే.

బోర్డు మీటింగులు చూసి తీరాలి. పొడుగు బల్ల మధ్యలో సాలీడులా కాళ్లు చాపుకున్న స్పీకర్ ఫోను. ఈ చివర మా స్థానిక డైరెక్టర్లు, ఒక లాయరు, ఒక పాతకాలపు ఆడిటరు. ఫోనులో ఆ చివర హాంకాంగ్ నుంచో లండన్ నుంచో ఫండ్ మేనేజరు. "ఫలానా షేరు కొంటున్నాం" అని ఆయన నోరుజారితే మా ఛైర్మన్ మెల్లిగా దగ్గి, "కొనవచ్చని మీరు సలహా ఇస్తున్నారు" అని సరిదిద్దేవాడు. నిర్ణయం ఈ బల్ల దగ్గర జరగాలి, సలహా మాత్రమే ఫోనులోంచి రావాలి. మినిట్స్ రాయడం కంపెనీ సెక్రటరీ పని. ఆమె ఎంత ఖచ్చితమైన మనిషంటే, పోర్ట్ లూయిస్ టైము, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారు, లైను మధ్యలో తెగితే ఎన్ని నిమిషాలు తెగింది, అన్నీ రాసేది. మేం చాటున నవ్వుకునేవాళ్లం. చివర్లో కామన్ సీల్. ఇనప మిషన్‌లో కాగితం పెట్టి రెండు చేతులతో పిడి నొక్కితే కరక్కుమని చప్పుడయ్యేది, కాగితం మీద సిరా లేకుండా అక్షరాలు ఉబ్బేవి. ఆ నొక్కుడు పని బాబాయిదే, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

మన పేపర్లలో "బ్రీఫ్‌కేసు కంపెనీలు", "పోస్టు బాక్సు ఫండ్లు" అని రాసేవారు. సగం నిజమే. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అనే బుర్ర మా మేడ మీద లేదు. కానీ లెక్క మాత్రం మా మేడ మీదే తయారయ్యేది, అందులో దొంగతనం లేదు. ఆ రెండో సగం ఎవరూ రాయలేదు, రాయడానికి అందులో మసాలా లేదు కాబట్టి.

* * *

శుక్రవారం ఎన్ఏవీ రోజు, అంటే ఫండ్ ఆస్తుల విలువ లెక్కగట్టి ఒక్కో యూనిట్ (ఫండ్‌లో ఒక్కో వాటా) ధర తేల్చే రోజు. బొంబాయిలో మూడున్నరకి మార్కెట్ మూస్తే మాకు రెండు. అంతకుముందే బజారు దగ్గర ధాల్ పూరీ జంట తినేసి వచ్చి కూర్చునేవాళ్లం. పల్చటి రొట్టెలో శనగపప్పు పొడి, పైన పచ్చడి, మిరపకాయ, కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. రెండుంబావు, రెండున్నరకి ఫ్యాక్సు మిషన్ కూయడం మొదలెట్టేది. చుట్టలు చుట్టుకుంటూ మెరుపు కాగితం, దాని మీద ధరలు. వేడి వేడిగా ఒక రకమైన మందు వాసన. లైను బాగాలేని రోజు 3కీ 8కీ తేడా తెలిసేది కాదు. అప్పుడు బొంబాయికి ఫోను. అవతల గుజరాతీ కుర్రాడు గబగబా చదివేవాడు, వెనకాల రోడ్డు మీది హారన్లు కూడా వినిపించేవి.

లోటస్ 1-2-3లో ధరలు ఎక్కించాక, ఒకరు చదవాలి, ఒకరు ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కు పెట్టాలి. నా పక్క సీటు అమ్మాయి రోజ్ హిల్ నుంచి వచ్చేది, అలవాటుగా ఫ్రెంచిలో చదివేది. ఫ్రెంచిలో తొంభై ఏడు అనాలంటే నాలుగిరవైల పదిహేడు అనాలి. నాలుగిరవై దగ్గరే అవతలివాడి పెన్సిలు 8 మీదకి వెళ్లిపోయేది. అందుకని ప్రతి అంకెనీ విడివిడిగా, ఇంగ్లిష్‌లోనే చదవాలని గోడ మీద రాసి అంటించారు.

ధరలతో పని అయిపోతే బాగానే ఉండేది. షేర్లు కాగితం లేకుండా కంప్యూటర్లో ఉండే డీమ్యాట్ పద్ధతి ఇంకా రాలేదు. ఆ పద్ధతి నడిపే ఎన్ఎస్‌డీఎల్ 1996 నవంబరులో మొదలైంది, అన్ని షేర్లూ దానిలోకి ఎక్కడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అంతదాకా అన్నీ కాగితాలే. ఫండ్ కొన్న షేర్లలో కొన్ని సంతకం కలవలేదని కంపెనీ నుంచి వెనక్కొచ్చేవి, బ్యాడ్ డెలివరీ. ఈలోపు బుక్ క్లోజర్ (అప్పటికి కంపెనీ పుస్తకాల్లో పేరున్నవాళ్లకే డివిడెండు) దాటిపోతే డివిడెండు, బోనసు అన్నీ పాత యజమాని పేరు మీదే పోయేవి, అవి రాబట్టుకోవడం బ్రోకరు దయ. మరి ఈ వారం ఎన్ఏవీలో ఆ బోనసు షేర్లు కలపాలా వద్దా? కలిపాక రాకపోతే ఈ వారం యూనిట్లు కొన్నవాడికి నష్టం. కలపకుండా తర్వాత వస్తే అమ్ముకుని పోయినవాడికి నష్టం. బొంబాయిలో ఆ సర్టిఫికెట్లు చేత్తో లెక్కపెట్టిన నాకు, వాటి వెనక ఇంత తగువుందని పోర్ట్ లూయిస్ వెళ్లాకే తెలిసింది.

సెలవులు ఇంకో తలనొప్పి. గోడ మీద రెండు దేశాల సెలవుల జాబితాలూ పక్కపక్కనే ఉండేవి. చైనా కొత్త సంవత్సరానికి మాకు సెలవు, బొంబాయికి లేదు. తైపూసం కావడికి సెలవు, బొంబాయికి లేదు. ఉగాదికి దేశమంతా సెలవంటే నమ్ముతారా? జనాభాలో తెలుగువాళ్లు రెండు శాతం ఉంటారేమో, అయినా జాతీయ సెలవే. అప్పటికి హైదరాబాదు వెళ్లి స్థిరపడ్డ మా అన్నయ్యకి ఈ సంగతి చెబితే కోతలు కోస్తున్నాననుకున్నాడు.

* * *

బాబాయి పూర్వీకులు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు. తెలుగులో పలకరిస్తే సిగ్గుపడి నవ్వేసి అక్కడి వాడుక భాష క్రియోల్‌లోకి దూకేవాడు. కానీ శనివారం సాయంత్రం వాళ్ల ఊరి గుడిలో రామభజనకి తీసుకెళ్తే, హార్మోనియం అందుకోగానే చరణాలు చరణాలు తెలుగులోనే. అర్థం అడిగితే భుజాలు ఎగరేసేవాడు. ఆ యాసలో మన శ్రీకాకుళం, విజయనగరాల పాత పలుకేదో తగిలేది నాకు.

ఒకసారి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, అక్కడ దాచిన పాత వలస రికార్డుల్లోంచి వాళ్ల ముత్తాత కాగితం నకలు తీయించుకొచ్చాడు. నంబరు, వయసు, వంటి మీది మచ్చ, ఊరి పేరు. ఊరి పేరు ఎవడో తెల్ల గుమాస్తా వినబడ్డట్టు రాసుకున్నాడు. మేమిద్దరం భోజనాల వేళంతా దాని మీద కూర్చున్నాం. జిల్లా విశాఖపట్నమని తేలింది, ఊరు తేలలేదు. నేను సెలవులో వచ్చినప్పుడు కోరంగి ఎలా ఉందో చూసి రమ్మన్నాడు. యానాం మీదుగా వెళ్లి చూశాను. రేవు ఆనవాలు లేదు, మడ అడవులే. అదే చెప్పాను. "ఓడ ఎక్కడ ఎక్కారో మరి" అని క్రియోల్‌లో అన్నాడు, అంతకంటే ఏం అడగలేదు.

ఇండియాకి అన్ని డబ్బులు తీసుకెళ్లిన ఫండ్ల ఫైళ్లు మోసిన మనిషి, ఒక్క యూనిట్ కొన్నది లేదు. కొనాలన్నా వీల్లేదు, అవి స్థానికులకి అమ్మేవి కావు. ఆయన పొదుపంతా వాళ్ల ఊరి క్రెడిట్ యూనియన్‌లో ఉండేది.

* * *

2000 ఏప్రిల్ మొదట్లో ఒక వారం. బొంబాయిలో పన్ను అధికారులు కొన్ని మారిషస్ ఫండ్లకి నోటీసులిచ్చారు. మీరు నిజంగా మారిషస్ వాళ్లేనా, నిర్ణయాలు అక్కడే తీసుకుంటున్నారా, లేకపోతే పన్ను కట్టండి అని. ఫ్యాక్సు మిషన్‌కి ఊపిరాడలేదు. అటు అమెరికాలో నాస్‌డాక్ కూలుతోంది, ఇటు ఈ నోటీసులు, సెన్సెక్స్ దిగజారింది. ఫండ్ మేనేజర్లు గంటకోసారి ఫోను. అప్పటి ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా సర్దిచెప్పారు, 13న పన్నుల శాఖ నుంచి 789 నంబరు సర్క్యులర్ వచ్చింది. మారిషస్ ఇచ్చిన టీఆర్‌సీ ఉంటే చాలు అని. ఆ ఒక పేజీ కాగితానికి అంత విలువ ఉందని మా కుర్రాళ్లకి ఆ వారమే అర్థమైంది.

ఆ మరుసటి ఏడాది కేతన్ పరేఖ్ అనే బ్రోకరు షేర్ల కుంభకోణం గొడవ. మారిషస్‌లో రిజిస్టరైన ఓసీబీలు, అంటే విదేశాల్లోని మనవాళ్ల కంపెనీలు, అందులో బయటపడ్డాయి. 2001 నవంబరులో రిజర్వు బ్యాంకు ఓసీబీలకి స్టాక్ మార్కెట్ తలుపు మూసేసింది. మోబా పోయి దాని చోట ఎఫ్ఎస్‌సీ అనే కొత్త నియంత్రణ సంస్థ వచ్చిందీ అదే ఏడు. ఫారాల మీద ప్రశ్నలు రెట్టింపయ్యాయి, నా దృష్టిలో అది ఆలస్యంగా జరిగిన మంచి పని.

ఆ 789 సర్క్యులర్ మీద ఆజాదీ బచావో ఆందోళన్ అనే సంస్థా, ఇంకొకరూ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. 2002 మే 31న కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. పన్ను కట్టాల్సి రావచ్చు కాబట్టి ఎన్ఏవీలోంచి కొంత పక్కన పెట్టాలా? పెడితే, ఈ వారం బయటికి పోయేవాడు అన్యాయంగా తక్కువ పట్టుకెళ్తాడు. పెట్టకపోతే, రేపు పన్ను పడ్డప్పుడు ఉండిపోయినవాళ్ల నెత్తిన పడుతుంది. ఆడిటర్లు ఒకమాట, లాయర్లు ఒకమాట. ప్రతి శుక్రవారం ఇదే పంచాయితీ. 2003 అక్టోబరు 7న సుప్రీంకోర్టు సర్క్యులర్ సరైనదేనని తేల్చింది. సాయంత్రం వాటర్‌ఫ్రంట్‌లో బీర్లు పంచారు, నేను నిమ్మరసం తాగాను.

* * *

తుఫాన్ల సంగతి చెప్పకుండా మారిషస్ గురించి చెప్పలేను. అక్కడ హెచ్చరికలు క్లాసుల్లో ఉంటాయి. క్లాస్ 1, 2 దాకా పని నడుస్తుంది. 3 అనగానే దేశం మూత. 2002 జనవరిలో దినా వచ్చినప్పుడు 4 దాకా వెళ్లింది. బల్ల మీద బోర్డు మీటింగు నడుస్తోంది. రేడియోలో క్లాస్ 3 అని చెప్పడంతో బాబాయి తలుపు తీసి లోపలికొచ్చి, ఛైర్మన్ చూస్తుండగానే కిటికీ రెక్కలు బిగించడం మొదలెట్టాడు. హాంకాంగ్‌లో ఉన్నాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఛైర్మన్ సారీ చెప్పి మీటింగు ముగించేశాడు. బ్యాకప్ టేపులు ప్లాస్టిక్ సంచీలో చుట్టి నేను ఇంటికి పట్టుకుపోయాను.

ఆ రాత్రి రేకులు ఎగిరిపోతున్న చప్పుడు వింటూ మా ఇంటివాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నాం. దివిసీమ ఉప్పెన అప్పుడు మా బంధువులు శవాల మధ్య వెతుక్కున్న సంగతి నాకు తెలుసు. నేను అప్పటికి స్కూల్లో ఉన్నాను, 1977 నవంబరు. ఇక్కడ మాత్రం అందరికీ ముందే తెలుసు, అందరూ ఇళ్లలో ఉన్నారు, కొవ్వొత్తులు, బ్రెడ్డు కొనిపెట్టుకున్నారు. రేడియోలో గంట గంటకీ ఒకటే గొంతు. ఆ దేశం మీద నాకు గౌరవం ఫండ్ల వల్ల కంటే ఆ రేడియో వల్ల ఎక్కువ పెరిగింది.

* * *

తర్వాత మా ఆఫీసు పోర్ట్ లూయిస్ నుంచి ఎబెన్ అనే చోటికి మారింది. మన ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో చెరకు తోటలో కట్టిన సైబర్ టవర్, దాని చుట్టూ వరసగా అద్దాల మేడలు. ఇత్తడి పలకలు పోయాయి, కింద స్క్రీన్ మీద పేర్లు తిరుగుతుండేవి. బాబాయికి తుడవడానికి ఏమీ లేక రెండు వారాలు దిగాలుగా తిరిగి, రిటైరయిపోయాడు. ఫ్యాక్సు పోయింది, లోటస్ పోయింది, ధరలు వాటంతటవే వచ్చిపడేవి. చదివేవాళ్లు లేరు, టిక్కు పెట్టేవాళ్లు లేరు.

చక్కెర కూడా తగ్గింది. 2006 నుంచి యూరప్ తను ఇచ్చే ధర దశలవారీగా 36 శాతం కోసేసింది. మిల్లులు ఒక్కొక్కటీ మూతపడి ఇప్పుడు మూడే మిగిలాయి. ఫండ్ల వాళ్లం చక్కెర వాళ్లని చూసి జాలిపడ్డాం. 2016 మే 10న మా వంతు వచ్చింది. ఒప్పందం సవరించారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభం మీద పన్ను ఇండియాది. అంతకుముందు కొన్నవాటికి పాత పద్ధతే, కొత్తవాటికి మొదటి రెండేళ్లు సగం రేటు. అప్పుడు ప్రతి షేరూ ఏ రోజు కొన్నామో రుజువులు తవ్వడం మొదలైంది. బోనసు షేరుకి ఏ తేదీ? విలీనంలో వచ్చిన షేరుకి ఏ తేదీ? ఇరవయ్యేళ్ల కిందటి బ్యాడ్ డెలివరీ గొడవ కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టనిపించింది. నేను ఆ పని ముగించి ఇంటికొచ్చేశాను.

రోజ్ హిల్ అమ్మాయి ఇప్పుడు అమ్మమ్మ. సొంతంగా మేనేజిమెంట్ కంపెనీ నడుపుతోంది, ఎక్కువగా ఆఫ్రికాలో పెట్టుబడి పెట్టే ఫండ్లు. 2020లో నల్లధనం మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ మారిషస్‌ని గ్రే లిస్టులో, అంటే కన్నేసి ఉంచే దేశాల జాబితాలో పెట్టినప్పుడు తట్టుకుంది, మరుసటి ఏడాది అక్టోబరులో తీసేశాక నాకు ఫోను చేసి మరీ చెప్పింది. సంక్రాంతి తర్వాత కూడా చేసింది. ఉయ్యూరు వాసన సంగతి చెప్పబోతే మధ్యలోనే ఆపి, పాత ఫండ్ ఒకదాని మీద ఇండియాలో తగువు ఇంకా నడుస్తోందని చెప్పింది. నిర్ణయాలు మారిషస్‌లో జరిగాయని రుజువు చూపమంటున్నారట. టీఆర్‌సీలు చూపించారు, చాలవన్నారు. డైరెక్టర్ల సంతకాలు చూపించారు, ఎక్కడైనా పెట్టొచ్చన్నారు. చివరికి వాళ్ల లాయరుకి నచ్చిన కాగితం మా సెక్రటరీ రాసిన పాత మినిట్స్‌లో దొరికిందట. "రేడియోలో క్లాస్ 3 హెచ్చరిక విని, ఆఫీసు సహాయకుడు కిటికీలు మూస్తుండగా, ఛైర్మన్ సమావేశాన్ని ముగించారు." ఆ గదిలో మనుషులు లేకపోతే ఆ కిటికీలు ఎవరికోసం మూశారని వాదిస్తారట. వాయిదా వచ్చే నెల.